కుక్కకి చిప్ ఉంది, కానీ స్కానర్‌లో రావట్లేదు: తేడా ఎక్కడ కొడుతోంది?

ముందు ఒక మాట. తప్పిపోయిన కుక్క ఎవరిదో కనుక్కోడానికి చర్మం కింద వేసే ఈ చిప్ జీపీఎస్ కాదు. బియ్యపు గింజకంటే కాస్త పెద్ద గాజు గొట్టం, లోపల బ్యాటరీ కూడా ఉండదు, స్కానర్ దగ్గరికి తెస్తే దాని తరంగాలతోనే మేలుకుని 15 అంకెల నంబర్ చెప్పి ఊరుకుంటుంది, అంతే. కాబట్టి ఫోన్‌లో లొకేషన్ కనిపించట్లేదని డాక్టర్‌తో గొడవపడకండి. అది కావాలంటే ట్రాకర్ విడిగా కొనుక్కోవాలి.

స్కానర్ బీప్ అనట్లేదు

చిప్ పాడైందేమోనని టెన్షన్ పడతారు గానీ అలా జరిగేది అరుదు. మెడ వెనక రెండు భుజాల మధ్య వేసిన చిప్ ఒక్కోసారి చర్మం కిందే మెల్లగా జారి భుజం మీదికో, ముందు కాలి మోచేతి దగ్గరికో, ఛాతీ పక్కకో వెళ్లిపోతుంది. మా లాబ్రడార్‌కి ఒక క్లినిక్‌లో అసలు చిప్పే లేదు, మళ్లీ వేయించండి అన్నారు. ఇంకో డాక్టర్ ఇనుప గొలుసు తీయించి, స్కానర్‌ని ఒంటికి ఆనించి తీరిగ్గా తిప్పితే ఎడమ మోచేతి దగ్గర దొరికింది. మీరూ అదే చేయించండి: గొలుసు తీసి, స్టీలు టేబుల్ మీద కాకుండా కింద నిలబెట్టి, భుజాల నుంచి కాళ్ల దాకా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, నెమ్మదిగా. స్కానర్‌లో ఛార్జింగ్ ఉందో లేదో కూడా అడగండి, నవ్వుకున్నా ఫర్వాలేదు.

అయినా రాలేదా? కుక్క అమెరికా నుంచి వచ్చిందేమో చూడండి. ఇప్పటి ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణం) చిప్‌లు 134.2 కిలోహెర్ట్జ్ తరంగాల మీద పలుకుతాయి, అక్కడి పాత చిప్‌లు కొన్ని 125 మీద. రెండూ చదివే యూనివర్సల్ స్కానర్ ఉన్న చోటికి తీసుకెళ్లాలి.

నంబర్ వస్తోంది, ఓనర్ పేరు లేదు

అసలు తలనొప్పి ఇదే. చిప్ వేసినంత మాత్రాన మీ వివరాలు వాటంతట అవి ఎక్కడా ఎక్కవు. చాలామంది ఫారం నింపరు, నింపినవాళ్లు సిమ్ మార్చాక మర్చిపోతారు. డేటాబేస్‌లు కూడా వేరువేరు, ఒకదాంట్లో ఉన్నది ఇంకోదాంట్లో కనిపించదు. టీకాల బుక్‌లో అంటించిన బార్‌కోడ్ స్టిక్కర్ చూడండి: నంబర్ 356తో మొదలైతే అది ఇండియా కోడ్, 9తో మొదలైతే మామూలుగా తయారీ కంపెనీ కోడ్, దాన్నిబట్టి ఎవరి డేటాబేస్‌లో వెతకాలో తెలుస్తుంది. అక్కడ మీ ఫోన్ నంబరూ, ఇంట్లో ఇంకొకరిదీ ఎక్కించండి. దత్తత తెచ్చుకున్నదైతే పాత ఓనర్ చేత మీ పేరు మీదికి మార్పించుకోండి. కాలర్ మీద ఫోన్ నంబర్ మాత్రం తీసేయొద్దు, వీధిలో దొరికినవాళ్ల జేబులో స్కానర్ ఉండదు కదా.

అంతా సరిగ్గానే ఉంది, ప్రయాణానికి కాగితాలు ఒప్పుకోవట్లేదు

టీకా ముందు వేయించి చిప్ తర్వాత వేయించి ఉంటారు. 2024 ఆగస్టు 1 నుంచి అమెరికాకి వెళ్లే కుక్కలకి చిప్ తప్పనిసరి, చిప్ లేనప్పుడు వేసిన రేబిస్ టీకాని లెక్కలోకి తీసుకోరు. యూరప్‌లోనూ ఇదే పద్ధతి. మళ్లీ టీకా వేయించి, దాన్నుంచి, టీకా పనిచేసిందో లేదో చూసే రక్త పరీక్షకి రోజులు లెక్కపెట్టుకోవాలి, అంటే టికెట్ అప్పుడే బుక్ చేయకండి. సర్టిఫికెట్‌లో 15 అంకెలూ స్కానర్ తెరతో ఒక్కొక్కటిగా సరిచూసుకున్నాకే సంతకం పెట్టించుకోండి.