పాత ఇంగ్లీషు నవలలో స్త్రీ స్థానాన్ని ఎలా చదవాలి?

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలల్లో ప్రేమకథ తేలిగ్గానే అర్థమవుతుంది. ఆ అమ్మాయి ఏ వర్గం మనిషి, ఆ ఇంట్లో ఆమెకి ఎంత విలువ అన్నది మాత్రం మన కళ్ళు తప్పించుకుపోతుంది. దాన్ని పట్టుకోవడానికి నేను పాటించే పద్ధతి చెబుతాను. ఉదాహరణగా షార్లెట్ బ్రాంటీ రాసిన 'జేన్ ఎయిర్' తీసుకుంటున్నాను. 1847లో కరర్ బెల్ అనే మారుపేరుతో వచ్చిన నవల ఇది. చివరి మలుపులు కూడా చెప్పేస్తాను కాబట్టి ఇంకా చదవనివాళ్ళు ముందు చదివి రండి. అనువాదమైనా ఫర్వాలేదు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి.

1. డబ్బు లెక్క రాయండి

ఎక్కడ అంకె కనిపించినా నోట్‌బుక్ చివరి పేజీలో ఎక్కించండి. లోవుడ్ బడిలో టీచరుగా జేన్ జీతం ఏడాదికి 15 పౌండ్లు. థార్న్‌ఫీల్డ్ బంగళాలో గవర్నెస్‌గా, అంటే ఇంట్లోనే ఉండి పాపకి చదువు చెబుతూ, 30. చివర్లో తండ్రి తోడబుట్టిన జాన్ ఎయిర్ వదిలివెళ్ళిన ఆస్తి 20,000. అందులో ముగ్గురు బంధువులకీ సమానంగా పంచి, తనకి 5,000 ఉంచుకుంటుంది. 30 పౌండ్ల జీతంలో ఒక్క పెన్నీ ఖర్చుపెట్టకపోయినా ఆ 5,000 కూడడానికి 166 ఏళ్ళు దాటుతుంది. ఈ లెక్క వేసుకున్నాక, ఆస్తి వచ్చిన రోజు జేన్ మనసులో ఏం జరిగి ఉంటుందో నాకు కొత్తగా తెలిసింది.

2. ఆమె ఎక్కడ కూర్చుందో చూడండి

అన్నిటికన్నా నాకు ఇష్టమైన పని ఇదే. మొదటి అధ్యాయంలో పదేళ్ళ జేన్ మేనత్త వరసయ్యే మిసెస్ రీడ్ ఇంట్లో కిటికీ గట్టు మీద, ఎర్ర కర్టెన్ వెనక ముడుచుకుని బొమ్మల పుస్తకం చూస్తూ ఉంటుంది. పదిహేడో అధ్యాయంలో థార్న్‌ఫీల్డ్ యజమాని రోచెస్టర్ ఇంటికి గొప్పింటి అతిథులు వచ్చినప్పుడూ మళ్ళీ కిటికీ దగ్గరే, కర్టెన్ చాటునే. జేన్ వింటుండగానే ఆ అతిథుల్లో ఒకరైన బ్లాంచ్ ఇంగ్రామ్, ఆమె తల్లి కలిసి గవర్నెస్‌లందరినీ కలిపి ఎగతాళి చేస్తారు. ఎదిగింది, చదువుకుంది, సంపాదిస్తోంది. కూర్చునే చోటు మాత్రం మారలేదు. గవర్నెస్ పనివాళ్ళతో కలవలేదు, దొరసానులతో సమానంగా కూర్చోలేదు. ఈ రెండు అధ్యాయాలూ ఒకే రోజు పక్కపక్కన పెట్టుకుని చదవండి.

3. ఎవరు ఏమని అంటున్నారో గుర్తు పెట్టండి

మిసెస్ రీడ్ కొడుకు జాన్ రీడ్ జేన్‌ని పరాయి తిండి తినేదానివి అంటాడు. పనిమనిషి అబట్ ఇంకాస్త ముందుకెళ్ళి, తిన్న తిండికి పని కూడా చేయవు కాబట్టి నువ్వు పనిమనిషికన్నా తక్కువే అంటుంది. తర్వాత జేన్ సొంత మాట కూడా రాసుకోండి. పేద బంధువులు మంచివాళ్ళైతే వాళ్ళ దగ్గరికి వెళ్తావా అని అడిగితే వెళ్ళనంటుంది. స్వేచ్ఛ కోసం 'కాస్ట్' (caste, అంటే కులం) వదులుకునే ధైర్యం తనకి లేకపోయిందని ఒప్పుకుంటుంది. అవును, మూలంలో ఉన్న మాట అదే. ఇంగ్లండులో హోదా గురించి చెప్పడానికి బ్రాంటీ ఆ మాట వాడింది. మొదటిసారి అది చూసి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

4. అప్పటి చట్టం తెలుసుకోండి

1870 వరకు పెళ్ళైన స్త్రీ సంపాదన చట్టం ప్రకారం భర్తదే. ఆస్తి పూర్తిగా ఆమె పేరు మీద ఉండే హక్కు 1882 చట్టంతో వచ్చింది. ఇది తెలిస్తే, నిశ్చితార్థం అయ్యాక రోచెస్టర్ అరడజను పట్టు గౌన్లు కొనబోతుంటే జేన్ పట్టుబట్టి రెండుకి ఎందుకు తగ్గించిందో అర్థమవుతుంది. తనకంటూ కాస్త డబ్బుండాలనే ఆమె మదీరా దీవిలో ఉన్న జాన్ ఎయిర్‌కి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం వల్లే రోచెస్టర్ మొదటి పెళ్ళి బయటపడి, చర్చిలో జరగబోయే పెళ్ళి ఆగిపోతుంది.

5. మాట్లాడని స్త్రీ కోసం వెతకండి

ఆ మొదటి భార్య బెర్తా మేసన్. జమైకా నుంచి 30,000 పౌండ్ల కట్నంతో వచ్చి మూడో అంతస్తులో బందీ అయింది. నవలంతా గాలించినా ఆమె వైపు కథ దొరకదు. మీ నోట్‌బుక్‌లో ఆమె పేరుతో ఒక పేజీ ఖాళీగా వదలండి. జాన్ ఎయిర్ మేసన్ల కంపెనీకి మదీరాలో ప్రతినిధి. అంటే జేన్‌కి దక్కిన ఆస్తి, బెర్తా కట్నం ఒకే వ్యాపారం చుట్టూ తిరిగిన డబ్బు. దాని అడుగున జమైకా బానిసల చెమట ఉందన్న సంగతి ఆ ఖాళీ పేజీ మీద రాసుకోవచ్చు.

ఇది అలవాటయ్యాక 1897లో అచ్చయిన మన 'కన్యాశుల్కం' తీయండి. నాటకమైనా ఇదే నోట్‌బుక్ పనికొస్తుంది. డబ్బు ఇక్కడ పిల్ల తండ్రి చేతికి వెళ్తుంది. సుబ్బి, బుచ్చమ్మ, మధురవాణి అని మూడు గడులు గీసి, ఎవరి డబ్బు ఎవరి చేతిలో ఉందో నింపడం మొదలుపెట్టండి.