సిక్కోలు సూపర్ హీరోకి ఇంట్లో చిచ్చు పెట్టడం ఎలా?

సూపర్ హీరో కథ రాద్దామనుకునేవాళ్ళు చాలామంది డ్రస్సుతో, విలన్‌తో మొదలుపెట్టి పదో పేజీలో ఆగిపోతారు. నేనూ అలాగే ఆగిపోయాను. ఇంట్లోవాళ్ళతో మొదలుపెట్టాక కథ నడిచింది.

ముందు హీరోకి ఉద్యోగం చూడండి. 1938లో వచ్చిన సూపర్‌మాన్ మామూలు వేషంలో రిపోర్టరు. ఎక్కడ ఏం జరిగినా పరుగెత్తడానికి సాకు దొరుకుతుంది. మన హీరోని పలాసలో కరెంటు లైన్‌మాన్‌ని చేద్దాం. అర్ధరాత్రి బయల్దేరినా "లైను తెగింది" అంటే సరిపోతుంది.

తర్వాత ఆ సాకుని పాడుచెయ్యండి. మహానగరంలో సూపర్‌మాన్‌లా కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టకపోవచ్చు. పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో టీ తాగితే మాత్రం ఆ కబురు మనకన్నా ముందే ఇల్లు చేరుతుంది. పక్కవీధిలో ఇంకో లైన్‌మాన్ చేత కాపురం పెట్టించండి, చాలు. "మా ఆయన్ని రాత్రి ఎవరూ పిలవలేదే!" అని వాళ్ళావిడ కుళాయి దగ్గర అనేస్తుంది.

భార్యకి పని ఇవ్వండి. లేకపోతే ఆమె గుమ్మంలో ఎదురుచూసే బొమ్మ అయిపోతుంది. పలాస కాబట్టి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. పిక్క పెంకులోని నూనె తగిలితే చర్మం పొక్కుతుంది. ఆమె చేతుల మీద మచ్చలు రోజూ అందరికీ కనబడుతూనే ఉంటాయి. అతను మాత్రం వీపు మీద గాయాలు బయటపడతాయని చొక్కా విప్పడు, వసారాలో పడుకుంటాడు. ఆమె ఏమనుకుంటుంది? ఇంకో మనిషి ఉందనే. ఈ అనుమానాన్ని తొందరపడి తీర్చకండి, సగం కథ దానిమీదే నడుస్తుంది. మేనరికం పెడితే ఇంకా మంచిది. అత్తగారు మేనత్తే కనక కొడుకుని వెనకేసుకు రావాలో, మేనకోడలి పక్కన నిలబడాలో తేల్చుకోలేక ఆవిడ నలిగిపోతుంది.

ఇప్పుడొక రాత్రి కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. హీరో ఆ తోటల్లో చెట్లకింద చిక్కుకున్నవాళ్ళని బయటికి లాగుతుంటాడు. ఇక్కడ ఇంటి రేకులు ఎగిరిపోతుంటే భార్య పిల్లలిద్దర్నీ మంచం కిందికి తోసి, అత్తని వీపున వేసుకుని ఎదురింటి డాబాకి చేర్చి, మళ్ళీ పిల్లలకోసం వస్తుంది. అతని సాహసం రెండు వాక్యాల్లో తేల్చెయ్యండి, ఆమెకి రెండు పేజీలు ఇవ్వండి. తెల్లారాక తల్లి "ఏటైపోనావురా రేత్రంతా?" అంటే అతను "డ్యూటీ" అంటాడు. స్తంభాలన్నీ పడిపోయిన రోజు అది. ఆ సాకు అతికినట్టు సరిపోయే రోజున ఇంట్లో ఒక్కరూ నమ్మరు.

ఇక నిజం చెప్పే సీను. సూపర్‌మాన్, అతని తోటి రిపోర్టరు లోయిస్ లేన్ ఇద్దరూ 1938లోనే కథలోకి వచ్చినా, పెళ్ళి కుదిరాక అతను ఆమెకి నిజం చెప్పింది 1991 నాటి సంచికలో. మనం అంతకాలం లాగక్కర్లేదు. వసారాలో, కరెంటు ఇంకా రాని రాత్రి చెప్పించండి. ఆమె అంతా విని, మచ్చల చేత్తో అతని వీపు తడిమి, "అందరిళ్ళకీ ఎల్లినోడివి, మనింటికీ ఓసారి రావాల్సింది బావా" అంటుంది. హీరో చేత జవాబు చెప్పించకండి.