రైస్ మిల్లు కప్పుపై సోలార్: బిగించే ముందు చూసుకోవలసినవి

మండపేట, తణుకు, తాడేపల్లిగూడెం ప్రాంతాల ఉప్పుడు బియ్యం మిల్లులకు ఆవిరి కోసం ఊక ఎలాగూ ఉంది. కరెంటు బిల్లును పెంచేవి పొట్టు తీసే షెల్లర్లు, బియ్యానికి మెరుగుపెట్టే పాలిషర్లు, ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటర్లను తిప్పే మోటార్లే. కాబట్టి సోలార్ ప్యానెళ్లను మోటార్ల వాడకానికే లెక్కగట్టుకుని, బాయిలర్‌ను ఊకకే వదిలేయడం మంచిది.

ముందుగా ఏడాది బిల్లులన్నీ దగ్గర పెట్టుకుని, సార్వా, దాళ్వా ధాన్యం ఆడే నెలల్లోనూ మిల్లు ఆగి ఉండే నెలల్లోనూ పగటి వాడకం ఎంతో విడివిడిగా రాసుకోవాలి. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావాలి. ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. రాత్రి షిఫ్టే ఎక్కువగా నడిచే మిల్లు పెద్ద ప్లాంటు పెట్టే ముందు, మిగులు కరెంటుకు డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) ఏ లెక్కన జమ కడుతుందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

తర్వాతది కప్పు. పాత సిమెంటు రేకులపై ప్యానెళ్లు బిగించకూడదు; ఇనుప రేకులు వేయించి, ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు) అదనపు బరువును మోయగలవని ఇంజినీరు చేత ధ్రువీకరించుకోవాలి. అయితే బరువు కన్నా గాలే పెద్ద సమస్య. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఏం చేసిందో ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. మన తీరానికి కట్టడాలపై గాలి ఒత్తిడికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం సూచించే ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ లెక్కతో చేసిన డిజైన్ కాగితం చూపని కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వకూడదు. ఉప్పుగాలి తగిలే చోట స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులే వాడాలి.

ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉండాలి. చిమ్నీ, ఎలివేటర్ల నీడ వాటిపై పడకూడదు. నీడ పొడవుగా సాగే డిసెంబరును దృష్టిలో పెట్టుకునే స్థలం గుర్తించాలి.

మిల్లులో అసలు శత్రువు దుమ్ము. తవుడు పొడి మంచు తడికి ప్యానెల్‌పై జిగురులా అంటుకుంటుంది. ఊక బూడిదలో అధిక భాగం సిలికా కనుక పొడి గుడ్డతో రుద్దితే అద్దం గీతలు పడుతుంది. తెల్లవారగానే, అద్దం వేడెక్కకముందే, నీళ్లతో తడిపి మెత్తని బ్రష్షుతో కడిగించాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఊళ్లలో అవి ఆరిన చోట తెల్లని పొర మిగులుతుంది. అక్కడ వాన నీటి తొట్టి కట్టుకోవడమే మేలు.

చాలామంది పట్టించుకోనిది పవర్ ఫ్యాక్టర్, అంటే తీసుకునే మొత్తం కరెంటులో నిజంగా పనికి వాడుకునే భాగం ఎంతో చెప్పే లెక్క. 100 కిలోవాట్లు 0.95 పవర్ ఫ్యాక్టర్‌తో వాడే మిల్లుకు సోలార్ 60 కిలోవాట్లు అందిస్తే, గ్రిడ్ నుంచి తీసుకునేది 40 కిలోవాట్లకు తగ్గుతుంది. మోటార్లలో అయస్కాంత క్షేత్రం కోసం కావలసిన రియాక్టివ్ పవర్ మాత్రం తగ్గదు. ఫలితంగా మీటరు దగ్గర పవర్ ఫ్యాక్టర్ 0.77కు పడిపోతుంది. కేవీఏహెచ్ లెక్కన, అంటే రియాక్టివ్ పవర్‌ను కూడా కలుపుకుని, బిల్లు వచ్చే కనెక్షన్లకు ఆదా అయినదాంట్లో కొంత ఇలాగే పోతుంది. ప్యానెళ్ల కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టరును రియాక్టివ్ పవర్ కూడా ఇచ్చేలా అమర్చాలి, లేదా ఆ పవర్‌ను మిల్లులోనే అందించే కెపాసిటర్ బ్యాంకును పెంచాలి.

కరెంటు పోతే మామూలు గ్రిడ్ ఇన్వర్టరూ ఆగిపోతుంది. జనరేటరుతో కలిపి నడపాలంటే ప్రత్యేక కంట్రోలరు కావాలి. దాని ధర మొదటి కొటేషన్‌లోనే అడగాలి. చివరి వాయిదా మాత్రం మిల్లు పూర్తిగా ఆడిన నెల బిల్లు వచ్చి, యూనిట్లతో పాటు పవర్ ఫ్యాక్టర్ కూడా సరిపోల్చుకున్నాకే చెల్లించాలి.