ఆపరేషన్ థియేటర్ టెక్నాలజిస్ట్ కావాలంటే ఏ కోర్సులో చేరాలి?

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేయాలనుకునే ఇంటర్ బైపీసీ విద్యార్థులకు తెలుగు రాష్ట్రాల్లో మూడు దారులున్నాయి: డిప్లొమా, బీఎస్సీ, నర్సింగ్. ఏది ఎంచుకోవాలన్నది ఫీజు చూసి కాదు, థియేటర్‌లో మీరు చేయాలనుకునే పనిని బట్టి తేల్చుకోండి.

1. ఏ పని కావాలో తేల్చుకోండి

చేతులు స్క్రబ్ చేసుకుని, స్టెరైల్ (క్రిములు లేని) గౌను వేసుకుని, సర్జన్ పక్కన నిలబడి పరికరాలు అందించడం ఒక పని. అనస్థీషియా మెషిన్ చెక్ చేయడం, పేషెంట్‌ను టేబుల్ మీద సరైన పొజిషన్‌లో ఉంచడం, డయాథర్మీ (కరెంటుతో కోసి, రక్తస్రావం ఆపే పరికరం) ప్లేటు అతికించడం, సీ-ఆర్మ్ (థియేటర్‌లో వాడే ఎక్స్‌రే యంత్రం) జరపడం ఇంకో పని. అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్ట్ ప్రధానంగా మొదటిది చేస్తారు. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల అది స్టాఫ్ నర్సు చేతిలో ఉంటుంది, టెక్నీషియన్‌కు రెండోదే ఎక్కువ. ఇది తెలియక చేరినవాళ్లు పోస్టింగుల్లోకి, అంటే ఆసుపత్రి శిక్షణలోకి, వెళ్లాక నిరాశపడతారు. పరికరాల ట్రాలీ దగ్గరే ఉండాలన్నది మీ కోరికైతే మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా), నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ కూడా గట్టిగా ఆలోచించాల్సినవే.

2. డిప్లొమానా, డిగ్రీనా?

రెండేళ్ల డిప్లొమాలు రాష్ట్ర పారామెడికల్ బోర్డు కింద నడుస్తాయి. బీఎస్సీలు ఏపీలో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం పరిధిలో ఉంటాయి. మూడేళ్ల చదువుకు ఏడాది ఇంటర్న్‌షిప్ కలుస్తుంది. ఇంటికి త్వరగా జీతం రావాలంటే డిప్లొమా చాలు. ఎమ్మెస్సీ, బోధన, థియేటర్ ఇన్‌చార్జి పోస్టుల మీద దృష్టి ఉంటే డిగ్రీయే మేలు.

చేరేముందు పాత ప్రభుత్వ నోటిఫికేషన్ ఒకటి తీసి అర్హత వాక్యం చదవండి. కోర్సు పేరు అనస్థీషియా టెక్నాలజీ అని ఉండి, పోస్టుకు ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్ సర్టిఫికెట్ అడిగితే దరఖాస్తు అక్కడే ఆగిపోవచ్చు.

3. గుర్తింపు చూడండి

కాలేజీకి గుర్తింపు ఉంటే సరిపోదు, మీరు చేరే కోర్సుకు, ఆ ఏడాదికి ఉండాలి. బోర్డు లేదా యూనివర్సిటీ జాబితాలో కోర్సు పేరు, సీట్ల సంఖ్య చూసుకోండి. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం పరిధిలోని కోర్సులను దూరవిద్యలో నడపకూడదని యూజీసీ 2025లో ఆదేశించింది. ఇంట్లో కూర్చుంటే ఓటీ సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ల దగ్గర డబ్బు కట్టకండి.

4. థియేటర్ చూడనిదే ఫీజు కట్టొద్దు

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. రెండో ఏడాది విద్యార్థులను కలిసి ఇవి అడగండి:

- రోజుకు ఎన్ని మేజర్ కేసులు, ఏయే విభాగాల్లో?
- లాగ్‌బుక్‌లో సంతకం కేసు చూసినందుకా, చేసినందుకా?
- మాప్‌లు (రక్తం పీల్చే గుడ్డలు), సూదుల లెక్కలో మిమ్మల్ని నిలబెడతారా? ఆపరేషన్‌కు ముందు, పొట్ట మూసేముందు, చర్మం కుట్టేముందు ఈ లెక్క జరగాలి. ఒక్క మాప్ తగ్గినా వెతకడం, దొరక్కపోతే ఎక్స్‌రే తీయించడం అక్కడ నేర్చుకోవాల్సిందే.
- సీఎస్‌ఎస్‌డీలో (పరికరాలను స్టెరైల్ చేసే విభాగం) పోస్టింగ్ ఉందా? 121 డిగ్రీల దగ్గర, 15 పౌండ్ల ఒత్తిడిలో ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) నడిపినా, ప్యాక్ తడిగా బయటికొస్తే అది స్టెరైల్ కాదు. తడి గుడ్డలోంచి క్రిములు లోపలికి పాకుతాయి. ప్యాక్‌లు మరీ బిగించి పేర్చినా, ఎండే సమయం ఇవ్వకపోయినా ఇలాగే అవుతుంది. ఈ తేడా చేత్తో పట్టుకుని చూస్తేనే ఒంటబడుతుంది.

సొంత ఆసుపత్రి లేక, పక్క నర్సింగ్ హోమ్‌కు పంపే కాలేజీల్లో తరచూ సిజేరియన్, హెర్నియా కేసులతోనే చదువు ముగుస్తుంది.

5. సీటు రాగానే టీకా

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. పోస్టింగులు మొదలయ్యేదాకా ఆగితే రక్షణ రాకముందే సూదుల మధ్య నిలబడతారు. చివరి డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించి, ఫలితం మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లకు (10 mIU/mL) చేరిందో లేదో చూసుకోండి.

అమెరికాలో స్థిరపడే ఆలోచన ఉన్నవారు ఇంకొకటి గమనించాలి. అక్కడి సీఎస్‌టీ (సర్టిఫైడ్ సర్జికల్ టెక్నాలజిస్ట్) పరీక్షకు ప్రధాన మార్గం అక్కడి గుర్తింపు సంస్థలైన సీఏఏహెచ్‌ఈపీ లేదా ఏబీహెచ్‌ఈఎస్ గుర్తింపు ఉన్న ప్రోగ్రాం పూర్తిచేయడమే. ఇక్కడి డిప్లొమాతో నేరుగా ఆ పరీక్ష రాయొచ్చని ఏజెంటు చెబితే నమ్మకండి.