రాజకీయ వేడి మొదలవకముందే ఫోన్లు భద్రం చేసుకోండి: సిరొంచ నుంచి కొన్ని జాగ్రత్తలు

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దు నది ఒడ్డునున్న సిరొంచ. ఇక్కడ రాజకీయం ఇప్పుడు సగం వాట్సాప్‌లోనే నడుస్తోంది. మేడిగడ్డ బ్యారేజీ నీళ్లలో భూములు పోయిన రైతులకు గ్రూపులున్నాయి, పార్టీలకు బూత్ గ్రూపులున్నాయి. ఎన్నికలొచ్చినా, పరిహారం కోసం తహసీల్ ఆఫీసు ముందు కూర్చున్నా కబురు వెళ్లేది వాటిలోనే. దెబ్బ తీయాలనుకున్నవాడు కూడా ముందు అక్కడికే వస్తాడు. తీరా వేడి మొదలయ్యాక ఎవరికీ తీరిక దొరకదు, అందుకే ఇప్పుడే ఒక గంట కూర్చోండి.

"మనలాంటి చిన్నోళ్ల ఫోన్ ఎవడికి కావాలి బిడ్డా?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆయనకు నేను భీమా కోరేగావ్ కేసు సంగతి చెప్పాను. 2018లో పుణె దగ్గర జరిగిన అల్లర్ల తర్వాత, మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ హక్కుల కార్యకర్తలు, లాయర్లు, రచయితల మీద పెట్టిన కేసు అది. ఆ కేసులో నిందితుడైన రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ కాపీని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే సంస్థ పరీక్షించి 2021లో నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న వరవరరావు గారి ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో వరసగా మెయిళ్లు పంపి, అందులో ఒక ఫైల్ తెరిపించారని, దాంతో నెట్‌వైర్ అనే సాఫ్ట్‌వేర్ లోపలికి చేరిందని చెప్పింది. ఆ తర్వాత 22 నెలలకు పైగా కంప్యూటర్ బయటివాళ్ల చేతిలో ఉందని, కేసులో సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు అలా పెట్టినవేనని ఆ నివేదిక సారాంశం. నాగపూర్ లాయర్ సురేంద్ర గడ్లింగ్ కంప్యూటర్ మీద కూడా అలాంటి నివేదికే వచ్చింది. చేసిందెవరో ఆర్సెనల్ చెప్పలేదు, దర్యాప్తు సంస్థ ఈ వాదనను ఒప్పుకోలేదు. తీర్పు మాట అటుంచండి. మన జాగ్రత్తకు కావలసిన ముక్క ఒక్కటే, ఆ ఫైల్ వచ్చింది తెలిసినవాళ్ల పేరు మీద.

కాబట్టి అడగని ఫైల్, లింక్ ఎవరి పేరుతో వచ్చినా తెరవకముందు ఫోన్ చేసి "అన్నా, ఇది నువ్వే పంపినవా?" అని గొంతు వినండి. తిరిగి మెసేజ్ పెట్టి అడిగితే లాభం లేదు, ఖాతా ఎత్తుకుపోయినవాడే "అవును" అని జవాబిస్తాడు. వెనకటికి తప్పుల తెలుగు చూసి మోసాన్ని పట్టేవాళ్లం. ఇప్పుడు తెలుగైనా మరాఠీ అయినా శుభ్రంగానే రాస్తున్నారు, భాషను చూసి నమ్మకండి.

ఇక జిరాక్స్ షాపుల సంగతి. పోయిన నెల ఒక వినతిపత్రం ప్రింట్ తీయించడానికి వెళ్తే, అక్కడి కంప్యూటర్‌లో ఎవరిదో వాట్సాప్ తెరిచే ఉంది. ఎడమపక్క వరసగా ఊళ్ల పేర్లతో గ్రూపులు, ఒకదాంట్లో సాత్‌బారా (మహారాష్ట్ర భూమి రికార్డు) ఫొటోలు, ఆధార్ కార్డులు. షాపతన్ని అడిగితే "పొద్దున వచ్చినాయన, మర్చిపోయినట్టుండు" అన్నాడు. నాకు గుండె గుభేలుమంది. ఆ కుర్చీలో కూర్చున్న ఎవరైనా ఆయన పేరుతో ధర్నా రద్దయిందని రాయొచ్చు. ఈరోజే వాట్సాప్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి (ఐఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో) లింక్డ్ డివైసెస్ తెరిచి, మీది కాని ప్రతిదాన్నీ లాగ్ అవుట్ చేయండి. సర్టిఫికెట్ల కోసం సేతు కేంద్రానికి (ప్రభుత్వ సేవా కేంద్రం) వెళ్లినా ఇంటికొచ్చాక ఒకసారి చూసుకోండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద, రెండో తాళం లాంటి టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆరంకెల పిన్ ఇవ్వండి. పుట్టిన తేదీ మాత్రం వద్దు, గ్రూపులో ఆధార్ పెట్టినప్పుడే అది అందరికీ తెలిసిపోయింది.

మనకు ఇంకో చిక్కుంది. నదికి ఈవల మహారాష్ట్ర సిమ్, ఆవల తెలంగాణ సిమ్ అని చాలామందికి రెండు నంబర్లు. వాట్సాప్ ఏమో రీచార్జ్ మానేసిన పాత నంబర్ మీదే నడుస్తుంటుంది. వాడని నంబర్‌ను కంపెనీ రద్దు చేసి కొన్నాళ్లకు ఇంకొకరికి ఇస్తుంది, అప్పుడు ఓటీపీ వాళ్లకే పోతుంది. గ్రూప్ అడ్మిన్లు ముందు ఇది సరిచేసుకోవాలి. అడ్మిన్లు కూడా ఇద్దరు ముగ్గురికి మించి వద్దు.

పెళ్లి పత్రిక, చలానా, పరిహారం జాబితా అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లను (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) ముట్టుకోవద్దు. జాబితా నిజంగా వస్తే ఆఫీసు గోడ మీదా ఉంటుంది. *401* తో మొదలయ్యే నంబర్ డయల్ చేయమంటే చేయకండి, మీ కాల్స్ వాడికి మళ్లిపోవచ్చు. పొరపాటున చేస్తే ##002# కొట్టండి, మళ్లింపులన్నీ పోతాయి.

ఏమీ నొక్కకుండానే ఫోన్‌లో దూరే పెగాసస్ లాంటి నిఘా సాఫ్ట్‌వేర్లు వేరే రకం. దాంతో మన దేశంలో పలువురి ఫోన్ల మీద నిఘా పెట్టారని 2021లో గొడవ జరిగాక సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు చూసింది. అయిదింటిలో ఏదో మాల్‌వేర్ దొరికింది కానీ అది పెగాసస్ అని తేల్చలేకపోయింది. 2023 అక్టోబర్‌లో అసదుద్దీన్ ఒవైసీ సహా పలువురు ప్రతిపక్ష నాయకులకు, మీ ఐఫోన్ మీద దాడి జరుగుతుండొచ్చని ఆపిల్ నుంచి హెచ్చరికలు వచ్చాయి. అలాంటిదాన్ని పూర్తిగా ఆపడం మన వల్ల కాదు. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవడం, ఫోన్‌ను తరచూ ఆపి ఆన్ చేయడం, ఐఫోన్ ఉన్న నాయకులు లాక్‌డౌన్ మోడ్ (కొన్ని సౌకర్యాలు తగ్గించి ఇలాంటి దాడులకు దారులు మూసే సెట్టింగ్) పెట్టుకోవడం మాత్రం చేయగలం. చాలా ముఖ్యమైన మాట ఉంటే ఫోన్లు ఇంట్లో పెట్టి వేపచెట్టు కింద కూర్చొని మాట్లాడుకోండి.

కుర్రాళ్లకు ఒక మాట. అవతలి పార్టీ పేజీని హ్యాక్ చేద్దాం అని ఎవరైనా ఉసిగొల్పితే దూరంగా ఉండండి తమ్ముళ్లూ. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. దానివల్ల నిజమైన ఉద్యమం కూడా బద్నాం అవుతుంది.

ఫోన్ మీద అనుమానం వస్తే కంగారులో రీసెట్ కొట్టకండి, ఆధారం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్క్రీన్ ఫొటో వేరే ఫోన్‌తో తీసి, నెట్ ఆపేసి, గ్రూపువాళ్లకు నోటితో చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామాలో హ్యాష్ వాల్యూ (లోపలి డేటా తర్వాత మారితే పట్టిచ్చే అంకెలు, అక్షరాల గుర్తు) రాయమని, కాపీ ఇమ్మని లాయర్ ద్వారా అడగండి. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి.

ఆఖరుగా, ముఖ్యమైన పది నంబర్లు, లాయర్‌ది సహా, కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్ చేతిలో లేని రోజున ఇంట్లోవాళ్ల నంబర్ కూడా గుర్తుకురాక స్టేషన్ బయట నిలబడిపోయిన మనిషిని నేను చూశాను.