తుప్పు పట్టి కారుతున్న బైక్ పెట్రోల్ ట్యాంకును ఇంట్లో బాగుచేసుకోవడం ఎలా?

ట్యాంకు అడుగున పెట్రోల్ చెమ్మ కనిపించగానే చాలామంది అక్కడ బట్టల సబ్బు రుద్దేస్తారు. సబ్బు పెట్రోల్‌లో కరగదు కాబట్టి బండి ఇంటికి చేరేదాకా అది ఆపుతుంది, అంతే. ఆ తర్వాత పైపైన ఓ ముద్ద ఎం-సీల్ పెట్టి వదిలేస్తే కొన్నాళ్లకే పక్కన ఇంకో చిల్లు తేలుతుంది. రేకును తినేది లోపలి తుప్పు మరి. నీరు పెట్రోల్ కంటే బరువు. ట్యాంకులో చేరిన తేమ అడుక్కి దిగి కాక్ (పెట్రోల్ తెరిచి మూసే కుళాయి) చుట్టూ, అతుకుల వెంబడి నిలుస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమను ఇట్టే పీల్చుకుంటుంది. సగం ట్యాంకుతో వానాకాలమంతా మూలన పడి ఉన్న బండికి ఈ జబ్బు త్వరగా వస్తుంది.

అసలు అది చిల్లేనా? ముందు కాక్ దగ్గర చూడండి. చాలాసార్లు అక్కడి రబ్బరు వాషర్ ఎండిపోయి కారుతుంటుంది. వాషర్ మారిస్తే పని అయిపోతుంది.

చిల్లే అని తేలితే బండిని ఆరుబయటికి తెచ్చి, బ్యాటరీ వైరు ఊడదీయండి. బీడీ, సిగరెట్, దీపం, పొయ్యి ఏదీ దగ్గర్లో ఉండకూడదు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోకుండా నేల వెంబడి పాకుతూ దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. పెట్రోల్‌ను మూతున్న ఇనుప క్యాన్‌లోకి దించి, ట్యాంకు విప్పి, కాక్, మీటర్ ఫ్లోట్ (పెట్రోల్ ఎంతుందో మీటర్‌కు చూపే తేలే భాగం) తీసేయండి. సర్ఫ్ కలిపిన వేడినీళ్లతో మూడు నాలుగు సార్లు కడిగి, మూత తీసి నీడలో గాలికి ఉంచండి.

ఖాళీ ట్యాంకే కదా అని వెల్డింగ్ మాత్రం పెట్టకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, లోపలంతా ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. కడిగాక వాసన పోయినా తుప్పు పొరల కింద, అతుకుల్లో పెట్రోల్ దాగి ఉంటుంది. టార్చి మంట తగలగానే వేడికి అది మళ్లీ ఆవిరవుతుంది. ట్యాంకు పేలితే మనిషి దక్కడం కష్టం. అతుకే పెట్టాల్సి వస్తే రోజూ ట్యాంకుల పనే చేసే షాపుకు ఇవ్వండి.

ఇక తుప్పు సంగతి. లోపల ఓ చిన్న గొలుసు ముక్క, కొంచెం నీళ్లు వేసి బాగా కుదపండి. విడి నట్లు వేస్తే ఏదో ఒకటి లోపలే ఉండిపోతుంది, గొలుసైతే మొత్తం ఒకేసారి బయటికొస్తుంది. ఎర్రనీళ్లు పారబోసి, కాక్ రంధ్రానికి రబ్బరు బిరడా బిగించి, ఫ్లోట్ తీసిన రంధ్రాన్ని కూడా మూసి, చిల్లుకు బయటి నుంచి టేపు వేయండి. 12 లీటర్ల ట్యాంకుకు కిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) లెక్కన గోరువెచ్చని నీళ్లలో కలిపి మెడదాకా నింపండి. తుప్పు పైకప్పుకు కూడా ఉంటుంది కదా. మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది, అది కూడా మండేదే. పెయింట్ మీద ఒలికితే వెంటనే కడగాలి. బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడితే పని తొందరగానే అవుతుంది కానీ తుప్పుతో పాటు రేకును కూడా తినేస్తుంది.

మర్నాడు ఒంపేటప్పుడు కొత్త చిల్లులు కనిపిస్తే కంగారు పడకండి. అవి ముందే ఉన్నాయి, ఇన్నాళ్లూ తుప్పే వాటిని మూసి ఉంచింది. స్క్రూడ్రైవర్‌తో చుట్టూ నొక్కి చూడండి. రేకు సొట్ట పోతుంటే, లేదా చిల్లు గుండుసూది తల కంటే పెద్దదైతే అక్కడితో ఆపేసి సెకండ్ హ్యాండ్ ట్యాంకు వెతుక్కోవడం మేలు.

రేకు గట్టిగానే ఉంటే వంట సోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి వెంటనే మిట్టమధ్యాహ్నం ఎండలో బోర్లించండి. శుభ్రమైన ఇనుము తడిగా ఉంటే చూస్తుండగానే పసుపు రంగు తిరుగుతుంది.

ఆరాక చిల్లు చుట్టూ అంగుళం మేర పెయింటు పోయి రేకు తళతళలాడేదాకా ఎమరీ పేపర్‌తో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడవండి. చేతి జిడ్డు తగిలితే ముద్ద పట్టదు. పెట్రోల్‌ను తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసి ఉన్న, రెండు భాగాలు కలిపే స్టీల్ ఎపాక్సీనే కొనండి. రెండూ ఒకే రంగయ్యేదాకా పిసికి, ముందు చిటికెడు చిల్లులోకి అదిమి, మిగతాది పైన పరవండి. ఒక రోజంతా కదపకండి. చిల్లులు రెండు మూడు ఉంటే లోపల పూసే ట్యాంక్ సీలర్ కూడా వేయించడం మంచిది. ఇథనాల్ పెట్రోల్‌కు పనికొచ్చేదో కాదో అడిగి మరీ తీసుకోండి.

ముద్ద గట్టిపడ్డాక నీళ్లు నింపి కింద పొడి కాగితం పరచి రాత్రంతా ఉంచండి. కాగితం తడవకపోతే నీళ్లు తీసి, పూర్తిగా ఆరబెట్టి, సీలర్ వేయించాలనుకుంటే ఇప్పుడే వేయించండి. వేయనివాళ్లు కాస్త ఇంజన్ ఆయిల్ పోసి లోపలంతా తిరిగేలా తిప్పి ఒంపేయాలి. కొత్త వాషర్, కొత్త ఫిల్టర్ పెట్టి మొదట ఒక్క లీటరే పోసి చూడండి. దించిన పాత పెట్రోల్‌ను డ్రైనేజీలో పారబోయకండి, మెకానిక్‌కు ఇచ్చేయండి.