లంగరుకి రంగెయ్యాలా? ముందు తుప్పు సంగతి చూడండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పు తీరంలో వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లో వైజాగ్ ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్తే ఎక్కడ చూసినా రిపేర్లే, గ్రైండర్ల మోత, పెయింటు వాసన. బోటుకి రంగులేస్తారు, ఇంజిన్ విప్పుతారు, వలలు బాగు చేసుకుంటారు, లంగరు మాత్రం పాపం ఓ మూల పడుంటుంది, ఆఖరి రోజు డబ్బాలో మిగిలిన రంగేదో దాని మొహాన పూసేస్తారు. నేనూ అలాగే చేశా ఓసారి. మా మామయ్య బోటుకి జింకు పూత ఉన్న మంచి లంగరు ఒకటుండేది, ఇంటి గేటుకి వెయ్యగా మిగిలిన ఎనామెల్ పెయింటు తెచ్చి రెండు కోట్లు వేసి మురిసిపోయా. నెల తిరక్కుండా అరటి తొక్క ఒలిచినట్టు ఊడొచ్చేసింది. గోరు పెట్టి లాగితే జానెడు ముక్క చేతికొచ్చింది, వెనకాల చూస్తే సబ్బులా జిగురుజిగురుగా ఉంది. అది నిజంగా సబ్బేనని తర్వాత తెలిసింది, ఆయిల్ పెయింటులో ఉండే నూనె జింకుతో కలిసి జింకు సబ్బు తయారవుద్ది, ఇంక పట్టేముంటుంది.

అప్పట్నుంచి ఓ నాలుగైదు లంగర్లు చేశా, రెండు మామయ్యవి, మిగతావి పాత సామాన్ల షాపుల్లో కొని ఇంటి ముందు పెట్టుకుంటామన్న వాళ్ళవి. ఈ రెండు రకాల పనీ ఒకటి కాదు, మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఇంటి ముందు పెట్టే లంగరుకి రంగు చాలు, కొన్నేళ్ళు అలాగే ఉంటది. నీళ్ళలోకి వెళ్ళే లంగరుకి మాత్రం, ఎంత ఖరీదు రంగేసినా సరే, ఇసకలో రాళ్ళలో నాలుగు సార్లు ఈడ్చాక కొక్కేల కొసల దగ్గర ఇనుము బయటపడిపోద్ది. దానికి అసలు కాపలా జింకే, రంగు ఏడాదికోసారి వేసుకునే పై చొక్కా అనుకోండి.

ఇప్పుడు మీ దగ్గరున్నదానికి జింకు ఉందా లేదా చూసుకోండి. మన దగ్గర వెల్డింగ్ షాపులో రాడ్లు వంచి చేయించే నాలుగు కొక్కేల లంగర్లకి చాలా వాటికి ఉండదు, ఒళ్ళంతా ఎర్రగా తుప్పే. జింకు ఉంటే మబ్బు రంగులో మసకగా ఉంటుంది, తుప్పు కొసల దగ్గరా రాసుకునే చోట్లా మాత్రమే కనపడుద్ది. ఆ మసక బూడిద రంగు బాగా ఉన్నంత మేర దాన్ని గ్రైండర్‌తో గీకి పారెయ్యకండి దయచేసి, మెరుస్తుంది కదా అని గీకేస్తే ఉన్న రక్షణ పోగొట్టుకున్నట్టే. ఇంకోటి, జింకు ఉన్న చోట వెల్డింగ్ పెట్టాల్సొస్తే ముందు ఆ చుట్టూ జింకు తీసెయ్యాలి, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది, వెల్డర్లని అడగండి చెప్తారు.

సరే, పని మొదలు. ముందు మంచినీళ్ళతో కడగడం. ఒకసారి పైపుతో కొట్టి కడిగేశాం అనుకుంటారు చాలామంది, కాదు, తుప్పు గుంటల్లో ఉప్పు దాక్కుని ఉంటది, అది ఉండగా ఎంత మంచి పెయింటు వేసినా అదే తేమని లాగి కింద నుంచి పొక్కులు లేపుద్ది. నేనైతే గుల్లలూ పెంకులూ ఉలితో గీకేసి, వీలైతే రెండ్రోజులు డ్రమ్ములో మంచినీళ్ళలో నానబెట్టి నీళ్ళు మారుస్తా. తుప్పు తీశాక మళ్ళీ ఒకసారి కడగాలి, ఎందుకంటే అప్పుడే గుంటలు తెరుచుకుంటాయి.

తుప్పు తియ్యడానికి పెచ్చులు పెచ్చులుగా ఉన్నదాన్ని సుత్తితో కొట్టి రాల్చండి, తర్వాత యాంగిల్ గ్రైండర్‌కి వైర్ కప్పు బ్రష్ పెట్టి, సందుల్లో చేతి వైర్ బ్రష్‌తో, ఆఖర్న 80 నంబర్ ఉప్పు కాగితం. పేరులో ఉప్పున్నా మనకి తుప్పు వదిలించేది ఇదే, గమ్మత్తు. కళ్ళద్దాలు తప్పనిసరి, ఆ బ్రష్ తీగలు విరిగి సూదుల్లా ఎగురుతాయి, నా చొక్కాలో గుచ్చుకున్నవి ఇంటికొచ్చాక పీక్కున్నా. ఓడల తుక్కు నుంచి వచ్చిన పాత లంగరై ఉండి దాని మీద నారింజ రంగు పాత ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కనిపిస్తే అది సీసం కలిసింది కావచ్చు, అలాంటప్పుడు పొడిగా గ్రైండర్ పెట్టొద్దు, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరకి రానివ్వొద్దు.

బాగా తినేసిన లంగరైతే ఇంకో పద్ధతుంది, జింకు లేని వాటికే. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి లీటరుకి ఒక చెంచా లెక్కన చాకలి సోడా కలిపి లంగరు ముంచి, బ్యాటరీ చార్జర్ మైనస్ వైరు లంగరుకి, ప్లస్ వైరు ఓ పనికిరాని ఇనప ముక్కకి పెట్టి, రెండూ తగలకుండా రాత్రంతా వదిలేస్తే పొద్దునకి తుప్పు నల్ల బురదలా మెత్తబడి బ్రష్‌తో వచ్చేస్తుంది. ఆ ప్లస్ ముక్క స్టీలు గిన్నె ముక్కో స్టీలు రాడ్డో పెట్టకండి, స్టెయిన్‌లెస్‌లో ఉన్న క్రోమియం విషంగా మారి నీళ్ళలోకి వస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టాలి, పక్కన బీడీలు గట్రా వద్దు, ముట్టుకునే ముందు చార్జర్ ఆపాలి.

ఇప్పుడు అందరూ వదిలేసే పని, అసలు నేను ఇది రాయడానికి కారణం కూడా అదే. పెయింటు వెయ్యక ముందు పగుళ్ళు చూడండి. రంగేస్తే లంగరు అందంగా కనపడుద్ది, పగులు కనపడదు. కొక్కేలు నడుం రాడ్డుకి అతికిన వెల్డింగుల దగ్గర కిరసనాయిలు పూసి ఓ అరగంట ఉంచి గుడ్డతో పొడిగా తుడిచెయ్యండి, మీద సుద్దముక్క రుద్దండి. పగులు ఉంటే లోపల ఇంకిన కిరసనాయిలు మెల్లగా బయటికొచ్చి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత పడుద్ది. మామయ్య లంగరుకి నేను చేస్తుంటే మొదట ఏమీ లేదు, టీ తాగొచ్చేసరికి మూడో కొక్కెం మొదట్లో వంకరగా రెండంగుళాల గీత. పక్కనున్న ముసలాయన అప్పటిదాకా "ఏటి బాబూ, లంగరుకి పెళ్ళి సేస్తన్నావేటి?" అని నవ్వుతున్నాడు, ఆ గీత చూసి తన బోటు లంగరు కూడా తెచ్చి పక్కన పడేశాడు. పగులు ఉంటే గ్రైండ్ చేసి మంచి వెల్డర్‌తో మళ్ళీ పెట్టించాలి, నడుం రాడ్డు వంగిపోయి ఉంటే కొట్టి సరిచేసి మళ్ళీ వాడటం నాకైతే ఇష్టం ఉండదు, దాన్ని ఇంటి ముందు పెట్టుకోండి.

శుభ్రం చేశాక గుంటల అడుగున నల్లగా ఎర్రగా కొంచెం మిగులుద్ది, దానికి రస్ట్ కన్వర్టర్, అంటే మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే మందు. ఫాస్ఫారిక్ యాసిడ్‌ది ఒక రకం, టానిక్ యాసిడ్‌ది ఒక రకం. టానిక్‌ది పూస్తే కళ్ళముందే ఎర్ర తుప్పు నీలం కలిసిన నలుపులోకి తిరుగుతుంది, కొత్తేం కాదిది, మన పాత వాళ్ళు కరక్కాయ రసంలో ఇనుము కలిపి సిరా చేసుకునేవాళ్ళే, అదే కెమిస్ట్రీ. ఫాస్ఫారిక్ రకమైతే డబ్బా మీద రాసినట్టు ఆరాక కడిగి ఆరబెట్టాలి, పైన తెల్లటి పొడి మిగిలితే మీద వేసే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వేసే గట్టి పెయింటు) పట్టదు. ఒకవేళ మీరు జింక్ రిచ్ ప్రైమర్, అంటే జింకు పొడి బాగా కలిసిన ప్రైమర్, వేద్దామనుకుంటే మాత్రం కన్వర్టర్ అసలు వద్దు, ఆ జింకు నేరుగా ఇనుముకి తగిలితేనే పనిచేస్తుంది, మధ్యలో పొర వేస్తే డబ్బులు దండగ.

ఇక్కడ్నుంచి టైంతో పందెం. సముద్రం పక్కన తోమిన ఇనుము గంటా రెండు గంటల్లో మళ్ళీ నారింజ రంగు తిరగడం మొదలెడుతుంది. కాబట్టి తోమిన రోజే ప్రైమర్, రేపు చూద్దాం అనుకుంటే రేపు మళ్ళీ తోముడే. టైం విషయానికొస్తే తెల్లవారుజామున ఇనుము మీద కంటికి కనపడని మంచు తడి ఉంటది, మధ్యాహ్నం ఎండలో ఇనుము కాలిపోతూ పెయింటు పైపైన తొక్క కట్టేసి లోపల బుడగలొస్తాయి. మే నెలలో నేను ఎనిమిదిన్నర తర్వాత నీడలో మొదలెట్టి పదకొండుకి ముగిస్తా. గాల్లో తేమ 85 శాతం దాటితే ఆ రోజు పెయింటు వద్దు, ఫోన్‌లో వెదర్ యాప్ చూస్తే చాలు.

ఏ ప్రైమర్ అంటే, నీళ్ళలోకి వెళ్ళే ఉత్త ఇనుముకి రెండు డబ్బాలొచ్చే ఎపాక్సీ, లేదా జింక్ రిచ్ ఒక కోటు వేసి దాని మీద ఎపాక్సీ. జింక్ రిచ్‌లో జింకు పొడి అడుక్కి సున్నం ముద్దలా దిగిపోద్ది, వేస్తున్నంత సేపూ కలుపుతూనే ఉండాలి, లేకపోతే సగం లంగరుకి జింకు సగం లంగరుకి నీళ్ళు. జింకు పూత బాగున్న లంగరుకైతే సబ్బు నీళ్ళతో జిడ్డు వదిలించి, 120 కాగితంతో మెల్లగా గరుకు చేసి, గాల్వనైజ్డ్ (జింకు పూత ఉన్న ఇనుము) మీద వెయ్యొచ్చు అని డబ్బా మీద రాసి ఉన్న ఎపాక్సీయో, లోహాన్ని కొంచెం కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమరో వెయ్యండి, నా ఎనామెల్ కథ గుర్తుంది కదా. ఇంటి ముందు పెట్టే జింకు లేని లంగరుకి ఇంత అక్కర్లేదు, రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు, మీద నల్ల ఎనామెల్ రెండు కోట్లు, అయిపోయింది.

ఎపాక్సీ కలిపేటప్పుడు కంటిలెక్క వద్దు, డబ్బా మీద ఎంతంటే అంత కొలిచి కలపండి, కొన్నిటిని కలిపాక 15, 20 నిమిషాలు ఆగి వెయ్యాలి. మన ఎండలకి కలిపింది తొందరగా గట్టిపడిపోద్ది, అందుకే ఓ పావు లీటరు చొప్పున కలుపుకోవడం మేలు. 20 కిలోల లంగరుకి లీటరు డబ్బా రెండు కోట్లకి వచ్చి ఇంకా మిగులుద్ది.

లంగరుని నేల మీద పెట్టి వెయ్యకండి, దాని రింగుకి తాడు కట్టి దూలానికో నిచ్చెనకో వేలాడదీస్తే చుట్టూ తిరిగి వెయ్యొచ్చు. మొదట బ్రష్‌తో అంచులూ, కొక్కేల కొసలూ, వెల్డింగ్ గీతలూ, గుంటలూ మాత్రమే ఒక కోటు, తర్వాతే మొత్తం. అంచు మీద పెయింటు ఎప్పుడూ పల్చగా జారిపోతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే. రెండో కోటు ఎప్పుడు వెయ్యాలో కూడా డబ్బా చెప్తుంది, ఆ గడువు దాటిపోతే మొదటి కోటు గాజులా అయిపోయి రెండోది పట్టుకోదు, మళ్ళీ గరుకు చెయ్యాలి.

పై రంగు మీ ఇష్టం. ఎపాక్సీ ఎండకి వెలిసి సుద్దలా అయిపోద్ది, షో కోసమైతే మీద పీయూ (పాలీయూరిథేన్) పెయింటు వెయ్యండి. వేటకెళ్ళే లంగరుకి నా ఓటు చవకైన నల్ల బిటుమెన్ (తారు లాంటి) పెయింటుకే, అది ఎపాక్సీ ప్రైమర్ లేకుండా నేరుగా తోమిన ఇనుము మీద కూడా వేసుకోవచ్చు, ఏటా నిషేధం టైంలో బ్రష్‌తో రుద్ది మళ్ళీ పూసుకుంటే సరి. కాకపోతే ఒకసారి బిటుమెన్ వేశాక దాని మీద తెలుపో పసుపో వేద్దామంటే కింద నుంచి గోధుమ మరకలు తేలతాయి, ఆ ఆశ వదిలేసుకోండి.

రంగు తగలకూడని చోట్లు ఉన్నాయి. లంగరునీ గొలుసునీ కలిపే డి షాకిల్ మరలకీ పిన్నుకీ పెయింటు వద్దు, టేపు చుట్టండి, తర్వాత గ్రీజు పూసి బిగించి, పిన్ను తిరిగి ఊడిపోకుండా జింకు పూత ఉన్న ఇనప తీగతో కట్టెయ్యండి. గొలుసుకి ఒళ్ళంతా పెయింటు దండగ, రాసుకుని రాలిపోద్ది, గుర్తులు మాత్రం వేసుకోండి. మా వాళ్ళు ఐదు బారలకి ఒక పసుపు పట్టీ, పదికి రెండు, బార అంటే ఆరడుగుల లెక్క, రాత్రి టార్చి వెలుగులో ఎంత వదిలామో తెలుస్తుంది. గుర్తులేస్తూ లింకులు అరిగిన చోట వెర్నియర్ (మందం కొలిచే పరికరం) పెట్టి చూడండి, మందం 12 శాతం తగ్గిపోతే ఆ గొలుసు మార్చాల్సిందే.

జింకు మొత్తం పోయిందనుకోండి, మళ్ళీ హాట్ డిప్ చేయించడం మేలు, ప్లాంట్ల వాళ్ళు మామూలుగా కిలో లెక్కన తీసుకుంటారు, 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచితే ఆరు మిల్లీమీటర్ల పైన మందం ఉన్న ఇనుముకి 85 మైక్రాన్ల పొర వస్తుంది, బ్రష్‌తో అలాంటి జింకు పొర రాదు. ఇచ్చే ముందు పెయింటు మొత్తం తీసెయ్యాలి. బయట దేశాల్లో చిన్న యాట్ కొనుక్కున్న మనవాళ్ళకి ఒక మాట, నాగలి ఆకారంలో ఉండే సీక్యూఆర్ లంగరు ముక్కులో బరువు కోసం సీసం పోసి ఉంటుంది, సీసం 327 డిగ్రీలకే కరిగిపోద్ది, జింకు తొట్టిలో ముంచితే అదంతా కారిపోతుంది, ముందే ప్లాంటు వాళ్ళకి చెప్పండి. పైన వంపు పైపు ఉన్న మోడల్‌కైతే పైపుకి గాలి చిల్లులు ఉన్నాయో లేదో చూడాలి, మూసేసిన పైపులో చెమ్మ ఉంటే తొట్టిలో పేలుతుంది.

పెయింటు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటది గానీ ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికి వారం కావాలి, కాబట్టి జూన్ 14 రాత్రి వేటకెళ్ళాలంటే ఆఖరి కోటు 7వ తేదీకల్లా పడిపోవాలి. ఆ వారం దాని మీద తడి గోనె సంచులు పడెయ్యకుండా చూడండి, మా వాళ్ళు పడేశారు, నేత గుర్తులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.